టమాట వన్యజాతి సంకరణం – ప్రత్యుత్పత్తి అవరోధాలు

సాగు టమాటను దాని అడవి చుట్టాలతో కలిపి విత్తనం తీయబోతే ఎదురయ్యే జీవశాస్త్రపరమైన అడ్డంకులను ప్రత్యుత్పత్తి అవరోధాలు అంటారు. పుప్పొడి కీలాగ్రం దాకా చేరకపోవడం, చేరి మొలకెత్తినా కీలం మధ్యలో ఆగిపోవడం, ఫలదీకరణ జరిగినా గింజ పాలు పోసుకోక లోపలి పిండం చచ్చిపోవడం, మొక్క మొలిచినా గొడ్డుదిగా మిగలడం – ఇవన్నీ ఈ కోవలోవే. ఒక్కో అవరోధం మొక్క జీవితంలో ఒక్కో ఘట్టంలో పనిచేస్తుంది. అందుకే ఒకదాన్ని దాటించే ఉపాయం మరొకదాని ముందు పనికిరాదు. పైగా వీటిలో కొన్ని ఒకవైపు నుంచే మూసి ఉంటాయి: టమాట తల్లి అయితే తెరుచుకునే దారి, టమాట తండ్రి అయితే తెరుచుకోదు.

నేడు సాగులో ఉన్న టమాట సంకర రకాలకు వైరస్‌లను, నులిపురుగులను, కొన్ని శిలీంధ్ర తెగుళ్ళను తట్టుకునే శక్తినిచ్చే ప్రధాన జన్యువుల్లో అధిక భాగం అడవి జాతుల నుంచి వచ్చినవే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో టమాట మీద బతికే రైతుకు ఈ శాస్త్రంతో సంబంధం విత్తన ప్యాకెట్ దగ్గరే మొదలవుతుంది.

నేపథ్యం: పడమటి మండలాల టమాట

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలుగా పేరుపడిన ఎత్తు నేల టమాటకు బాగా సరిపోయింది. ఇక్కడి అతి ఎత్తయిన విడిది హార్స్లీ హిల్స్, 1,265 మీటర్లు. స్థానికులు ఏనుగు మల్లమ్మ కొండ అనే ఈ కొండకు ఇప్పటి పేరు కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్లీ వల్ల వచ్చింది. కొండ దిగువన మదనపల్లె, ఇంకా దక్షిణాన పుంగనూరు, కుప్పం కూడా మైదానాల కన్నా చాలా ఎత్తున ఉన్నాయి. కోస్తా, తెలంగాణ మైదానాల్లో ఎండకు పూత రాలిపోయే నెలల్లో ఇక్కడ కాయ నిలుస్తుంది. వేసవిలో దేశంలోని ఎన్నో పట్టణాలకు మదనపల్లె మార్కెట్టే దిక్కు కావడానికి కారణం ఇదే. 2023 జూలైలో ఈ మార్కెట్‌లో కిలో ధర రూ. 150 దాటింది, ఇదే మార్కెట్‌కు తెచ్చిన సరుకును కోత కూలీ కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన సంవత్సరాలూ ఉన్నాయి.

తెలుగు నిఘంటువుల్లో టమాటకు రామములగ అనే పేరుంది. తమిళనాడు సరిహద్దు పల్లెల్లో తక్కాళి అనే మాటా వినిపిస్తుంది. పేరు ఏదైనా పంట కష్టాలు ఒకటే. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్, తామరపురుగు మోసుకొచ్చే మొవ్వుకుళ్ళు వైరస్, మొక్కను నిలువునా వాడ్చే బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు, వేర్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగు, 2014లో దేశంలోకి ప్రవేశించిన టూటా ఆకుతొలుచు పురుగు – ఏటా ఏదో ఒకటి తోటను పట్టుకుంటుంది. ఏడాది పొడవునా ఏదో ఒక చేలో టమాట ఉండే ప్రాంతంలో తెల్లదోమకు, వైరస్‌కు విరామం దొరకదు. మందు చల్లి వైరస్‌ను చంపడం కుదరదు. చల్లేదంతా దోమ మీదికే. కాబట్టి మొక్కలోనే తట్టుకునే గుణం ఉండాలి. సాగు టమాటలో ఆ గుణం లేదు.

ఎందుకు లేదంటే, సాగు టమాట జన్యుపరంగా బహు బీద. ఆండీస్ పర్వతాల దగ్గర పుట్టిన చిన్న పండ్ల మొక్క మెక్సికో ప్రాంతంలో పెద్ద పండ్ల పంటగా మారి, 16వ శతాబ్దంలో గుప్పెడు గింజలుగా ఐరోపా చేరి, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. ప్రతి మజిలీలోనూ కొన్ని గింజలే ముందుకు సాగాయి. తనలో తానే ఫలదీకరణ జరుపుకునే అలవాటు ఆ బీదరికాన్ని గట్టిపరిచింది. సొలానం పెరూవియానం అనే ఒక్క అడవి జాతిలో కనిపించే వైవిధ్యం ప్రపంచంలోని సాగు రకాలన్నిటిలోనూ కలిపి కనిపించదు.

బంధువర్గం

లిన్నేయస్ 1753లో టమాటను వంగ, బంగాళాదుంపల ప్రజాతి అయిన సొలానంలో చేర్చి సొలానం లైకోపెర్సికం అన్నాడు. ఏడాది తిరగకుండా ఫిలిప్ మిల్లర్ దాన్ని విడదీసి లైకోపెర్సికాన్ అనే వేరే ప్రజాతి చేశాడు. రెండు శతాబ్దాలు ఆ పేరే నడిచింది. డీఎన్‌ఏ ఆధారాలు బలపడ్డాక టమాట మళ్ళీ సొలానంలోకి వచ్చింది. ఇప్పటి వర్గీకరణలో సాగు టమాటతో పాటు 12 అడవి జాతులు ఒకే వర్గం. ఈక్వడార్, పెరూ, ఉత్తర చిలీ వీటి ఆవాసం. రెండు జాతులు గలపగోస్ దీవుల్లో ఉన్నాయి.

సంకరణం చేసేవారికి ఈ బంధువర్గం మూడు మెట్లుగా కనిపిస్తుంది. మొదటి మెట్టు దగ్గరి చుట్టాలు: ఎర్రటి చిట్టి పండ్ల సొలానం పింపినెల్లిఫోలియం, నారింజ రంగు పండ్ల గలపగోస్ జాతులు. వీటితో సంకరం ఎటు నుంచైనా సులువే. రెండో మెట్టు పచ్చ పండ్ల జాతులు: హాబ్రోఖైటిస్, పెన్నెల్లీ, ఖ్మియెలెవ్‌స్కీ, నియోరికీ వంటివి. ఇవి టమాట తల్లి అయితే కలుస్తాయి. మూడోది పెరూవియానం, చిలెన్సె, వాటి తోబుట్టువులు. వీటితో ఫలదీకరణ జరిగినా గింజ నిలవడం అరుదు. ఈ వర్గానికి బయట సొలానం లైకోపెర్సికాయిడిస్, సొలానం సిటియెన్స్ అనే దూరపు చుట్టాలున్నాయి. వాటితో సంకరం మరీ కష్టం.

ఈ 13 జాతులన్నిటిలోనూ క్రోమోసోములు 24. కాబట్టి అడ్డంకికి కారణం సంఖ్యలో తేడా కాదు. అలాగని సొలానం ప్రజాతిలోని ప్రతి మొక్కా టమాటతో కలవదు. మన చేల గట్ల మీద కనిపించే కామంచి, వాకుడు, ఉస్తి సొలానం జాతులే అయినా టమాటతో విత్తనం కట్టవు. అడవి చుట్టాలేవీ ఇక్కడ సహజంగా లేనందున కొత్త జన్యువు కావాలంటే విదేశాల నుంచి విత్తనంగా రావలసిందే.

అవరోధాల క్రమం

అవరోధాలను రెండు పెద్ద వర్గాలుగా విడదీస్తారు. ఫలదీకరణకు ముందు పనిచేసేవి మొదటివి: పూత కాలం, పువ్వు నిర్మాణం, కీలం లోపలి రసాయన నిరాకరణ. ఫలదీకరణ తర్వాత పనిచేసేవి రెండోవి: గింజ చెడిపోవడం, సంకర మొక్క బలహీనత, వంధ్యత్వం, మలితరాల పతనం. వీటన్నిటినీ దాటాక కూడా క్రోమోసోమ్ స్థాయిలో ఒక అడ్డు మిగులుతుంది. దాన్ని కొందరు ప్రత్యుత్పత్తి అవరోధాల్లో లెక్కించరు గానీ, కొత్త రకం తయారీలో ఎక్కువ ఏళ్ళు మింగేది అదే.

పువ్వు దగ్గరి అడ్డంకులు

అడవి జాతి గింజ మొలిపించడమే మొదటి పరీక్ష. గలపగోస్ టమాట గింజలు మామూలుగా నాటితే మొలకెత్తవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో పనిచేసిన చార్లెస్ రిక్, సహచరుడు బౌమన్‌తో కలిసి 1961లో ఒక ముచ్చటైన విషయం ప్రకటించాడు: ఆ దీవుల పెద్ద తాబేలు కడుపులో నుంచి బయటపడిన గింజలు చక్కగా మొలిచాయి. ఇప్పుడు తాబేలు పనిని పలుచటి బ్లీచింగ్ ద్రావణం చేస్తోంది. మొలిచాక కొన్ని అడవి నమూనాలు పగలు పొట్టిగా ఉండే రోజుల్లోనే పూస్తాయి. రెండింటి పూతా ఒకేసారి వచ్చేలా విత్తే తేదీలు సర్దుకోవాలి.

పువ్వు ఆకారం తర్వాతి సంగతి. టమాట పువ్వులో పరాగకోశాలు ఒకదానికొకటి అతుక్కుని గొట్టంలా ఏర్పడతాయి; కీలం ఆ గొట్టం లోపల ఉంటుంది. గాలికి పువ్వు ఊగినా, తేనెటీగ జాతి పురుగు వేలాడి రెక్కల కండరాలను ఝుమ్మని అదిరించినా పుప్పొడి సొంత కీలాగ్రం మీదే రాలుతుంది. చాలా అడవి జాతుల్లో కీలం గొట్టం దాటి బయటికి పొడుచుకొస్తుంది. బయటి పుప్పొడి కోసం ఎదురుచూసే నిర్మాణం అది. పొడుగు కీలం పొట్టి కావడానికి ప్రధాన కారణం స్టైల్2.1 అనే జన్యువులో మార్పు అని స్టీవెన్ టాంక్స్‌లీ బృందం 2007లో గుర్తించింది. సాగులో మనిషి కోరుకున్న నమ్మకమైన కాపు ఈ మార్పుతో వచ్చింది. దాంతో పాటే బయటి పుప్పొడికి దారి మూసుకుపోయింది.

ఈ అడ్డు చేతితో తీసేయదగినది. పువ్వు విచ్చుకోబోయే ముందు రోజు మొగ్గను పట్టకారుతో తెరిచి పరాగకోశాల గొట్టాన్ని లాగేస్తారు. దీన్ని విపుంసీకరణ అంటారు. మర్నాడు అడవి జాతి పుప్పొడిని కీలాగ్రానికి తాకిస్తారు. కర్ణాటకలోని రాణెబెన్నూరు ప్రాంతంలో వాణిజ్య సంకర విత్తనం తయారుచేసే కూలీలు రోజూ చేసేది ఈ పనే. అక్కడ రెండూ సాగు రకాలే కాబట్టి పుప్పొడి పడితే కాయ ఖాయం. అడవి జాతితో అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

కీలంలో నిరాకరణ

అనేక అడవి టమాటలు సొంత పుప్పొడిని ఒప్పుకోవు. ఈ ఆత్మవంధ్యత్వం ఎస్-ఆర్‌ఎన్‌ఏజ్ అనే ఎంజైము మీద ఆధారపడి ఉంటుంది. కీలం తయారుచేసే ఈ ఎంజైము అందులో పెరిగే ప్రతి పరాగనాళంలోకీ చొరబడి ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేస్తుంది. పుప్పొడి వైపు దీనికి విరుగుడు ప్రోటీన్లు ఉంటాయి. అవి పరాయి రకం ఎంజైములను గుర్తించి నాశనానికి పంపుతాయి. సొంత మొక్క ఎంజైముకు మాత్రం సొంత పుప్పొడి దగ్గర విరుగుడు ఉండదు. అందుకే సొంత పరాగనాళం మధ్యలో ఆగిపోతుంది, పరాయిది అండం దాకా చేరుతుంది.

సాగు టమాట ఈ ఏర్పాటును రెండువైపులా పోగొట్టుకుంది. దాని కీలంలో పనిచేసే ఎస్-ఆర్‌ఎన్‌ఏజ్ లేదు. దానికి తోడుండే హెచ్‌టీ ప్రోటీన్ కూడా చెడిపోయింది. కాబట్టి తన పుప్పొడినీ, పరాయి పుప్పొడినీ అడ్డుకోలేదు. పుప్పొడి వైపు విరుగుడు యంత్రాంగంలోనూ లోపాలున్నాయి. కల్లిన్1 అనే ప్రోటీన్ జన్యువు సాగు టమాటలో, ఎర్ర, నారింజ పండ్ల చుట్టాల్లో పనిచేయని స్థితిలో ఉందని లీ, చెటెలాట్ 2010లో చూపారు. అడవి కీలంలో పడిన టమాట పుప్పొడి, విరుగుడు లేకుండా విషం ముందు నిలబడినట్టే.

దీని ఫలితమే ఏకదిశా అననురూపత. టమాట తల్లిగా, అడవి జాతి తండ్రిగా కలిపితే పరాగనాళం అండాశయం చేరుతుంది. తలకిందులు చేస్తే టమాట పరాగనాళం అడవి కీలంలో కొంతదూరం వెళ్ళి ఆగిపోతుంది. సొంత పుప్పొడిని ఒప్పుకునే జాతి పుప్పొడిని, ఒప్పుకోని జాతి కీలం తిప్పికొడుతుందన్న ఈ సాధారణ సూత్రాన్ని లూయిస్, క్రో 1958లో ప్రతిపాదించారు.

సూత్రానికి మినహాయింపులూ ఉన్నాయి. పెన్నెల్లీ జాతిలో ఎల్ఏ716 అనే నమూనా సొంత పుప్పొడిని ఒప్పుకుంటుంది, అయినా టమాట పుప్పొడిని తిప్పికొడుతుంది. అంటే ఎస్-ఆర్‌ఎన్‌ఏజ్ లేకుండా పనిచేసే మరో నిరాకరణ పద్ధతి కూడా ఉంది. పుప్పొడిలోని ఫార్నెసిల్ పైరోఫాస్ఫేట్ సింథేజ్ అనే ఎంజైముకు సంబంధించిన 10వ క్రోమోసోమ్ స్థానం అలాంటిదే. పనిచేసే ఎస్-ఆర్‌ఎన్‌ఏజ్, హెచ్‌టీ జన్యువులను టమాటలో తిరిగి ప్రవేశపెడితే దాని కీలం ఎర్ర పండ్ల చుట్టాల పుప్పొడిని నిరాకరించడం మొదలుపెట్టిందని బ్రూస్ మెక్లూర్ బృందం చూపింది. పోయిన గోడను మళ్ళీ కట్టి చూపడం వల్ల, ఆ గోడ ఏ ఇటుకలతో కట్టిందో తేలింది.

ఆచరణలో ఈ జ్ఞానం ఒక్క మాటకు కుదించుకుపోతుంది: టమాటనే తల్లిని చెయ్యి. దానికి చెల్లించే మూల్యం కూడా ఉంది. మైటోకాండ్రియా, హరితరేణువులు తల్లి నుంచే వస్తాయి కాబట్టి అడవి జాతుల కణద్రవ్యంలోని గుణాలు సాగు టమాటలోకి రావడం కష్టం.

గింజలో చావు

పెరూవియానం, చిలెన్సె పుప్పొడితో టమాట పువ్వును కలిపితే కాయ పడుతుంది, ఎర్రబడుతుంది కూడా. కోస్తే లోపల గింజలు తాలు. పిండం ఉన్నది, తిండి లేదు. గింజలో పిండాన్ని పోషించే అంకురచ్ఛదం సరిగా పెరగకపోవడమే కారణం.

మామూలు గింజలో అంకురచ్ఛదానికి తల్లి నుంచి రెండు వంతులు, తండ్రి నుంచి ఒక వంతు జన్యుద్రవ్యం వస్తుంది. తల్లి వాటా, తండ్రి వాటా కలిసి పెరుగుదలకు కళ్ళెం, కొరడాలా పనిచేస్తాయి. పెరూవియానం వంటి జాతుల జన్యుసంపుటి ఇందులో టమాట కన్నా బలంగా ప్రవర్తిస్తుంది. క్రోమోసోములు రెండు జాతుల్లోనూ సమానమే అయినా బలాబలాలు సమానం కావు; ఫలితంగా అంకురచ్ఛదం లెక్క తప్పుతుంది. బంగాళాదుంప జాతుల సంకరాల్లో ఇలాంటి ధోరణిని వివరించడానికి అంకురచ్ఛద సంతులన సంఖ్య అనే భావనను వాడారు; టమాటలోనూ అది చాలావరకు సరిపోతుంది.

సంకర మొక్కలో, మలితరాల్లో

మొలిచిన ప్రతి సంకర మొక్కా ఆరోగ్యంగా ఉండదు. ఒక జాతి జన్యువు మరో జాతి జన్యువుతో పొసగక ఆకులు తమంతట తామే మాడిపోయే సందర్భాలున్నాయి. పింపినెల్లిఫోలియం నుంచి వచ్చిన సీఎఫ్-2 అనే ఆకుబూజు నిరోధక జన్యువు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. దాని సొంత జాతికి చెందిన ఆర్‌సీఆర్3 జన్యువు తోడుంటే అది నిదానంగా ఉంటుంది. సాగు టమాట ఆర్‌సీఆర్3 తోడైతే శత్రువు లేకపోయినా దాడి జరిగిందనుకుని సొంత కణాలనే చంపుతుంది. రోగం నుంచి కాపాడవలసిన కాపలాదారే రోగమవుతాడు.

తర్వాతిది వంధ్యత్వం. లైకోపెర్సికాయిడిస్‌తో సంకరాన్ని రిక్ 1951లో ప్రకటించాడు. మొక్కలు బతికాయి గానీ పుప్పొడి దాదాపు పనికిరానిది. రెండు జాతుల క్రోమోసోములు క్షయకరణ విభజనలో సరిగా జతకట్టకపోవడం దీనికి ఒక కారణం. 10వ క్రోమోసోమ్ పొడవు భుజంలో ఒక పెద్ద ముక్క తలకిందులుగా ఉండడం మరొకటి. మొదటి తరం బాగున్నా తర్వాతి తరాల్లో గింజ తగ్గడం, కొన్ని జన్యువులు ఉండవలసిన నిష్పత్తి కన్నా తక్కువగా సంతానంలో కనిపించడం కూడా సాధారణం. టమాట, హాబ్రోఖైటిస్ సంకర సంతానంలో పుప్పొడి, గింజల నాణ్యతను తగ్గించే జన్యు స్థానాలను లియోనీ మాయిల్ బృందం 2000ల మధ్యలో అనేక క్రోమోసోముల మీద గుర్తించింది. వంధ్యత్వం ఒక్క జన్యువు పని కాదు, చిన్న చిన్న పొరపొచ్చాల మొత్తం.

క్రోమోసోమ్ మీద మిగిలే అడ్డు

సంకర మొక్కను మళ్ళీ మళ్ళీ సాగు టమాటతో కలపడాన్ని పశ్చసంకరణం అంటారు. ప్రతి తరంలోనూ అడవి వాటా సగమవుతుంది. కాగితం మీద లెక్క ఇది. నిజానికి కావలసిన జన్యువుకు ఇరుపక్కలా ఉన్న అడవి క్రోమోసోమ్ ముక్క అంత త్వరగా వదలదు. ఆ ముక్కలో చిన్న కాయ, చేదు, ఆలస్యపు కాపు, ముడుచుకున్న ఆకు వంటి అవలక్షణాలు దాగి ఉండవచ్చు. పెరూవియానం నుంచి మొజాయిక్ వైరస్ నిరోధకతనిచ్చే టీఎం-2 జన్యువు వెంట మొదట్లో ఆకులు పాలిపోయే గుణం వచ్చింది. యంగ్, టాంక్స్‌లీ 1989లో వివిధ రకాల్లో ఈ ముక్క పొడవు కొలిచారు. పదకొండు పశ్చసంకరణాలు చేసిన ఒక రకంలో క్రోమోసోమ్ పొట్టి భుజం మొత్తం ఇంకా అడవిదే.

ముక్క తెగకపోవడానికి ఒక కారణం దాని నిర్మాణమే. చిలెన్సె నుంచి వచ్చిన ఆకుముడత నిరోధక జన్యువు టీవై-1 ఉన్న 6వ క్రోమోసోమ్ ప్రాంతంలో రెండు జాతుల డీఎన్‌ఏ వరస తలకిందులుగా ఉంది. అలాంటిదే మరో జన్యువు టీవై-2 ఉన్న 11వ క్రోమోసోమ్ మీదా అంతే. తలకిందులైన చోట రెండు క్రోమోసోములు ముక్కలు మార్చుకోలేవు. పువ్వులో, గింజలో దాటిన జాతుల దూరం ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది.

దాటే పద్ధతులు

పిండ రక్షణ: కాయ పడిన తర్వాత సాధారణంగా 25–35 రోజుల మధ్య, అంకురచ్ఛదం పూర్తిగా చెడక ముందే, పిండాన్ని లేదా అండాన్ని బయటికి తీసి పోషక ద్రవ్యం మీద పెంచుతారు. తల్లి కడుపులో దొరకని తిండి గాజుగొట్టంలో అందుతుంది. పాల్ స్మిత్ 1944లో ఈ పద్ధతితోనే టమాట, పెరూవియానం సంకరాన్ని సాధించాడు. నులిపురుగును ఎదిరించే ఎంఐ-1 జన్యువు సాగు టమాటలోకి వచ్చింది ఆ సంకరం ద్వారానే; దశాబ్దాల పాటు ప్రపంచ నులిపురుగు నిరోధక రకాలన్నీ ఆ ఒక్క మొక్క వంశమే.

వారధి జాతులు: నేరుగా కలవని రెండు జాతుల మధ్య ఇద్దరితోనూ పొసగే మూడో మొక్కను నిలుపుతారు. పెరూలోని మారన్యోన్ లోయ జనాభాలు, ఇప్పుడు ఆర్కానం అని పిలుస్తున్నవి, పెరూవియానానికి ఇలా వారధి అయ్యాయి. దూరపు సంబంధానికి మధ్యవర్తి దొరికినట్టే.

క్రోమోసోములు రెట్టింపు చేయడం: కోల్చిసిన్‌తో టమాటను నాలుగు సెట్ల క్రోమోసోముల మొక్కగా మార్చి అంకురచ్ఛదంలో బలాబలాలను సరిదిద్దే ప్రయత్నం ఇది. కొన్ని కలయికల్లో ఉపకరించింది. సంకర మొక్కలో రెట్టింపు చేస్తే వంధ్యత్వం కూడా తగ్గుతుంది.

తల్లి మార్పు, నమూనా ఎంపిక: ఒకే జాతిలో ఒక నమూనా మూసిన తలుపు మరొకటి తెరుస్తుంది. వందలాది పువ్వులు కలిపితే ఒకటో రెండో నిండు గింజలు దొరకవచ్చు. ఓపికే ఇక్కడ సాధనం.

కణ సంయోగం: గోడ తీసేసిన కణాలను కలిపి మొక్క తీస్తే పువ్వు అవసరమే ఉండదు. జర్మనీలో గియోర్గ్ మెల్కర్స్ 1978లో టమాట, బంగాళాదుంప కణాలను ఇలా కలిపాడు. మొక్క వచ్చింది గానీ పంటగా పనికిరాలేదు. వారణాసిలోని భారత కూరగాయల పరిశోధన సంస్థ పొమాటో, బ్రిమాటో పేర్లతో చూపినవి దీనికి భిన్నం. అవి అంటుకట్టిన మొక్కలు. అంటులో రెండు మొక్కలూ కలిసి బతుకుతాయి, జన్యువులు కలవవు. ఎండు తెగులున్న నేలల్లో వంగ వేరుమూలం మీద టమాటను అంటుకట్టడం ఈ అవరోధాలన్నిటినీ పక్కనపెట్టే చౌక ఉపాయం. గుణం మాత్రం గింజలోకి దిగదు.

దాటి వచ్చిన జన్యువులు

ఎర్ర పండ్ల పింపినెల్లిఫోలియం నుంచి ఆకుబూజు నిరోధక సీఎఫ్ జన్యువులు కొన్ని, బ్యాక్టీరియా మచ్చను ఎదిరించే పీటీఓ, ఆలస్యపు ఆకుమాడును తట్టుకునే పీహెచ్-3 వచ్చాయి. పెరూవియానం ఎంఐ-1నూ, టీఎం-2నూ, మొవ్వుకుళ్ళు వర్గపు వైరస్‌లపై పనిచేసే ఎస్‌డబ్ల్యూ-5నూ ఇచ్చింది. చిలెన్సె ఆకుముడతకు టీవై-1, టీవై-3 ఇచ్చింది. ఇవి ఒకే జన్యువుకు రెండు రూపాలని 2013లో తేలింది. హాబ్రోఖైటిస్ టీవై-2ను ఇచ్చింది. దాని వెంట్రుకలలోని జిగట, వాసన పదార్థాలు తెల్లదోమను, ఆకుతొలుచు పురుగును దూరం ఉంచుతాయి గనుక ఆ జాతిపై ఇంకా పని నడుస్తోంది.

రోగనిరోధకతే కాదు, రుచీ వచ్చింది. హ్యూ ఇల్టిస్ 1962లో పెరూలో సేకరించి రిక్‌కు పంపిన పచ్చ పండ్ల మొక్క, తర్వాత ఖ్మియెలెవ్‌స్కీ జాతిగా గుర్తించబడింది. పశ్చసంకరణాల తర్వాత దాని వల్ల టమాట పండులో కరిగే ఘనపదార్థాలు పెరిగాయి. చూడ్డానికి చవకబారుగా ఉన్న కాయలో తీపి దాగి ఉందని ముందే ఊహించడం ఎవరి తరం కాలేదు.

ఈ జన్యువులకు పరిమితులున్నాయి. ఎంఐ-1 నేల వేడి 28 డిగ్రీల సెల్సియస్ దాటితే సరిగా పనిచేయదు. పడమటి మండలాల వేసవి పంటకు ఇది పట్టించుకోవలసిన సంగతి. టీవై-2ను కొన్ని ఆకుముడత వైరస్‌లు దాటేస్తాయి కాబట్టి టీవై-2, టీవై-3లను ఒకే మొక్కలో జతచేస్తున్నారు.

భారతదేశంలో కృషి

హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 1980ల్లో ఎం.కె. బెనర్జీ, జి. కల్లూ హాబ్రోఖైటిస్ నుంచి ఆకుముడత నిరోధకతను సాగు టమాటలోకి తెచ్చారు. వారి హెచ్-24 వరుసలో ఉన్న జన్యువే తర్వాత తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రంలో టీవై-2గా గుర్తింపు పొందింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 2003లో నంది, సంక్రాంతి, వైభవ్ అనే ఆకుముడత నిరోధక రకాలను విడుదల చేసింది. హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ ఆకుముడత, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు – మూడింటినీ తట్టుకునే సంకర రకంగా పేరుపొందింది. అర్క అభేద్ ఆలస్యపు ఆకుమాడును కూడా చేర్చుకుంది.

తెలుగు నేల మీద ఈ పనికి హైదరాబాదు కూడలి. ప్రపంచ కూరగాయల కేంద్రం దక్షిణాసియా కార్యాలయం పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆవరణలో ఉంది. జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ హైదరాబాదు కేంద్రం విదేశీ విత్తనాలకు క్వారంటైన్ పరీక్ష చేస్తుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో టమాట జన్యు వనరుల భాండాగారం ఉంది. 2012లో ప్రకటించిన టమాట జన్యుపటంలో 5వ క్రోమోసోమ్ భారత సంస్థల వంతు.

కొత్త దారులు

డీఎన్‌ఏ గుర్తులు వచ్చాక అడవి ముక్క ఎంత మిగిలిందో నారు దశలోనే తెలుస్తోంది. పది తరాల పని నాలుగైదు తరాల్లో ముగుస్తోంది. ఇజ్రాయెల్‌లో యువాల్ ఎషెద్, డాని జమీర్ 1990లలో పెన్నెల్లీ క్రోమోసోములను 50 సాగు టమాట వరుసల్లో ముక్కలుగా పంచిపెట్టారు. ఇప్పుడు ఒక్కో ముక్క గుణాన్ని విడిగా చూడవచ్చు. అవరోధాన్ని ఒకసారి దాటి, ఫలితాన్ని శాశ్వతంగా దాచుకునే ఏర్పాటు ఇది.

2018లో మరో దారి తెరుచుకుంది. అడవి జన్యువులను టమాటలోకి తేవడానికి బదులు, క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో పింపినెల్లిఫోలియంలోనే కాయ పరిమాణం, మొక్క ఆకారం వంటి సాగు గుణాలను సవరించారు. సంకరణమే లేదు కాబట్టి అవరోధమూ లేదు. అయితే పచ్చ పండ్ల జాతుల విషయంలో అంత తేలిక కాదు. మార్చవలసిన గుణాలు ఎన్నో, వాటిలో తెలిసిన జన్యువులు కొన్నే.

రైతు చేలో

సంకర విత్తనంలో నిరోధక జన్యువు సాధారణంగా తల్లిదండ్రుల్లో ఒకదాని నుంచే వస్తుంది. మదనపల్లె రైతు ఆ సంకర పంట పండ్ల నుంచి గింజ తీసి మరుసటి ఏడు నారు పోస్తే, వచ్చిన మొక్కల్లో సుమారు నాలుగో వంతుకు ఆ జన్యువు అసలు ఉండదు. తెల్లదోమ ముందుగా వాటినే మంచం పట్టిస్తుంది. అవి వైరస్‌కు నిలయమై మిగతా తోటకూ ముప్పు తెస్తాయి. ఏటా ప్యాకెట్ కొనవలసి రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. కీలంలో, గింజలో, క్రోమోసోమ్ మీద మూడుచోట్ల పోరాడి తెచ్చిన ఒక చిన్న అడవి ముక్క, ప్రతి తరంలోనూ మళ్ళీ ఎవరో ఒకరు చేత్తో మొగ్గ విప్పి, పుప్పొడి అద్ది నిలబెడితేనే నిలుస్తుంది.